థెరపీ అంటూ పాఠాలు చెబుతున్నారు, గతం మాత్రం అడగరు. ఇది మామూలేనా?

గాజుగోడ:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. నాకు డిసోసియేటివ్ డిజార్డర్ (మనసు తన జ్ఞాపకాల నుంచీ, చుట్టూ ఉన్నదాని నుంచీ విడిపోయే జబ్బు) ఉందని ఈమధ్యే తేల్చారు. ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వ భాగాలుండే పూర్తి డీఐడీ కాదు, ఐసీడీ-11 అనే అంతర్జాతీయ జబ్బుల జాబితాలో ‘పాక్షిక’ అని విడిగా పెట్టిన రకం అన్నారు. దానికి ముందు డిప్రెషన్ అన్నారు, యాంగ్జయిటీ అన్నారు, ఒకచోట బైపోలార్ అని కూడా రాశారు. సరే, పేరైతే దొరికింది.

ఇప్పుడు నా గోల ఏంటంటే, థెరపీ మొదలై నెలలు గడుస్తున్నా మా థెరపిస్ట్ చిన్నప్పటి సంగతి ఒక్కటీ అడగరు. నేనే ఎత్తితే ‘అది తప్పకుండా వింటాను, కానీ ఇవాళ కాదు’ అంటారు. మరి ఆ గంటసేపూ ఏం చేస్తామంటే, డిసోసియేషన్ ఎందుకు వస్తుంది, ట్రిగ్గర్ ఎలా పనిచేస్తుంది, నిద్ర ఎలా పట్టించుకోవాలి, రోజును ఎలా గడపాలి... ఒక పేజీ చదవడం, దాని మీద మాట్లాడుకోవడం, ఇంటికెళ్లి చేయాల్సిన హోంవర్క్ తీసుకోవడం. నా ఒళ్లు కాలుతుంటే ఈవిడ నాకు నిప్పు గురించి క్లాసు తీసుకుంటున్నట్టుంది.

ఆ పేజీల్లో ఉన్నదంతా నేను ఇంటర్నెట్‌లో ఎప్పుడో చదివేశాను. చదివినందుకు ఒరిగిందేమీ లేదు. మొన్న కూడా వంటింట్లో నిలబడి ఉన్నదాన్ని, చూసుకునేసరికి మంచం మీద ఉన్నాను. బయట చీకటి పడిపోయింది. మధ్యలో సాయంత్రం ఏమైందో తెలీదు.

ఇది టైమ్ వేస్టా? థెరపిస్ట్‌ని మార్చుకోవాలా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

చినుకు:
నాదీ అచ్చం ఇదే పరిస్థితి. జవాబుల కోసం కాచుకుని కూర్చున్నా.

పాతకాపు:
గాజుగోడ గారూ, మార్చకండి. కనీసం ఈ ఒక్క కారణానికి మాత్రం వద్దు. మీ థెరపిస్ట్ తప్పించుకోవడం లేదు, పద్ధతి ప్రకారం వెళ్తున్నారు.

ట్రామా (మనసును గాయపరిచిన అనుభవం) వల్ల వచ్చిన డిసోసియేషన్‌కి చికిత్సను మూడు దశలుగా చేయడం పాత సంగతే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో పియెర్ జానే ఇలాంటి క్రమాన్నే పాటించాడు. 1992లో జుడిత్ హెర్మన్ దాన్ని ఇప్పటివాళ్లకు అర్థమయ్యేలా మళ్లీ చెప్పింది. 2011లో ఐఎస్ఎస్‌టీడీ అనే అంతర్జాతీయ సంఘం పెద్దవాళ్లలో డీఐడీ చికిత్సకు ఇచ్చిన మార్గదర్శకాలూ ఈ క్రమంలోనే ఉన్నాయి. ముందు భద్రత, స్థిమితం. ఆ తర్వాత జ్ఞాపకాల మీద పని. ఆ తర్వాత కలుపుకోవడం, మామూలు బతుకులో నిలదొక్కుకోవడం. మీరిప్పుడు మొదటి దశలో ఉన్నారు. ఆ దశలో ముఖ్యమైన పనిముట్టే ఈ ‘పాఠాలు’.

నా సంగతి చెప్తాను. ఇప్పుడున్న థెరపిస్ట్ కంటే ముందు ఒకాయన దగ్గరికి వెళ్లాను. మంచాయనే. రెండో సెషన్‌లోనే కళ్లు మూసుకోమని చెప్పి నేరుగా ఆ రాత్రి దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఏడ్చాను, బయటికొచ్చాక తేలికైంది అనుకున్నాను. ఆ వారమంతా ఉద్యోగానికి వెళ్లలేకపోయాను. రాత్రిళ్లు నేను పంపినట్టు గుర్తేలేని మెసేజ్‌లు ఫోన్‌లో కనబడేవి. తలుపు తెరవడం తెలిసిందిగానీ మూయడం ఎవరూ నేర్పలేదు. ఇప్పుడున్నావిడ ముందు మూయడం నేర్పింది. నెలల తరబడి అదే నేర్పింది. నాకూ చిరాకొచ్చేది, దాచడమెందుకు.

సందేహం:
పాతకాపు గారి అనుభవాన్ని కాదనను. కానీ దీన్ని వేదవాక్కులా చెప్పేస్తే ఎలా? ‘ముందు స్థిమితం, తర్వాతే ట్రామా’ అనే మాట మీద పరిశోధకుల్లోనే పెద్ద గొడవ ఉంది. 2016లో డి యాంగ్, ఆయన సహచరులు కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి (పీటీఎస్‌డీ అంటే ట్రామా తర్వాత వచ్చే జబ్బు, కాంప్లెక్స్ అంటే పదేపదే జరిగిన ట్రామా వల్ల వచ్చే రకం) అసలీ మొదటి దశ తప్పనిసరి అనడానికి ఆధారం చాలదని రాశారు. స్థిమితం పేరుతో అసలు చికిత్స వాయిదా పడుతోందని, ‘నువ్వు తట్టుకోలేవు’ అనే సందేశం రోగికి వెళ్తోందని వాళ్ల వాదన. 2020లో వచ్చిన, చాలా అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన ఒక మెటా-అనాలిసిస్ కూడా, డిసోసియేషన్ ఎక్కువున్నవాళ్లకు పీటీఎస్‌డీ థెరపీ పనిచేయదనే మాటకు రుజువు దొరకలేదంది.

ఏళ్ల తరబడి గ్రౌండింగ్ (మనసును ఇప్పటి క్షణానికి తెచ్చుకునే అభ్యాసం) చేస్తూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల థెరపీకి అంతం లేదు. కాబట్టి గాజుగోడ గారి అనుమానం అర్థంలేనిదేం కాదు.

కౌన్సెలర్_కాగితం:
నేను ట్రామా మీద పనిచేసే థెరపిస్ట్‌ని. ఇక్కడ ఎవరికీ చికిత్స చెప్పను, తెలిసింది పంచుకుంటాను.

సందేహం గారు చెప్పినవి నిజమే. ఆ విమర్శ వల్ల మా వృత్తికి మేలే జరిగింది. ఒక్క తేడా గమనించండి. ఆ చర్చంతా పీటీఎస్‌డీ, కాంప్లెక్స్ పీటీఎస్‌డీ గురించి. ఆ మెటా-అనాలిసిస్‌లో కొలిచింది పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో డిసోసియేషన్ అనే లక్షణాన్ని. డిసోసియేటివ్ డిజార్డర్ ఉన్నవాళ్లు, అంటే సమయం తప్పిపోవడం, లోపల వేర్వేరు భాగాలు ఉండటం లాంటివి ఉన్నవాళ్లు వేరే గుంపు. అక్కడి ఫలితాన్ని తెచ్చి ఇక్కడ అతికించలేం.

ఈ గుంపు మీద జరిగిన పనిలో నాకు నమ్మకంగా తెలిసినవి రెండు. ఒకటి, బెథనీ బ్రాండ్ బృందం 2019లో ప్రచురించిన ఆన్‌లైన్ కార్యక్రమం. రోగి ఒక్కరే కాదు, ఆమె థెరపిస్ట్ కూడా కలిసి చేరాలి. చిన్న చిన్న వీడియోలు, రాసుకునే పని, చేసి చూసే అభ్యాసాలు. 111 మంది రోగులు. రెండేళ్లు చూశారు. భావోద్వేగాలను పట్టుకోగలగడం మెరుగైంది, తమను తాము గాయపరచుకోవడం తగ్గింది. డిసోసియేషన్ బాగా ఎక్కువున్నవాళ్లే ఎక్కువ కోలుకున్నారు. ఇక్కడే ఒక మాట, ఆ అధ్యయనంలో పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. మార్పంతా కార్యక్రమం వల్లే వచ్చిందని గట్టిగా అనలేం.

రెండోది నార్వేలో జరిగింది, ఫలితాలు 2022లో వచ్చాయి. ఇది ర్యాండమైజ్డ్ ట్రయల్, అంటే ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ వేసినట్టు పంచారు. 59 మంది. కొందరికి మామూలు వ్యక్తిగత థెరపీ, కొందరికి దానితోపాటు 20 సెషన్ల నైపుణ్యాల గ్రూపు. గ్రూపు అయిపోయిన రోజున చూస్తే రెండు వైపులా పెద్ద తేడా లేదు! గ్రూపులో ఉన్నవాళ్లకు రోజువారీ జీవితంలో మెరుగుదల ఆ తర్వాతి ఆరు నెలల్లో కనబడింది.

నాకైతే ఈ రెండో ఫలితం మీదే నమ్మకం ఎక్కువ. నేను గదిలో చూసేదీ అదే. నేర్చుకున్నది నేర్చుకున్నరోజే పనిచేయదు.

చినుకు:
ఆరు నెలలా... దేవుడా.

గాజుగోడ:
ఇన్ని విషయాలు చెప్పినందుకు థాంక్స్. కాకపోతే నా అసలు ప్రశ్న అలాగే ఉంది. నాకు ఇవన్నీ తెలుసు కదా? మెదడులోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ దగ్గర్నుంచి ‘తట్టుకోగల హద్దు’ దాకా అన్నీ చెప్పగలను. తెలిసినా సాయంత్రాలు మాయమవుతూనే ఉన్నాయి. తెలిసినదాన్నే మళ్లీ చెప్పించుకుంటే ఏం లాభం?

పాతకాపు:
ఇదిగో, అసలు విషయానికి వచ్చారు.

ఆ పేజీ చదివినప్పుడు మీరు ఏ స్థితిలో ఉన్నారు? కుర్చీలో కూర్చుని, తల నిలకడగా ఉండి, చదవాలనే ఆసక్తితో ఉన్నారు. ఆ సాయంత్రం మాయమైనప్పుడు? ఆ మనిషి ఆ పేజీ చదవలేదండీ. డిసోసియేషన్ అంటేనే అది కదా, ఒక స్థితిలో తెలిసింది ఇంకో స్థితికి చేరకపోవడం. మీకు జబ్బు గురించి ఎంత తెలుసన్నది కాదు, తెలిసినది మీలో ఎవరికి తెలుసన్నది లెక్క.

అందుకే మా థెరపిస్ట్ ఏ పేజీ చదివినా చివర్లో ఒక మాట అడిగేది: ‘ఇది లోపల వింటున్నవాళ్లందరికీ అర్థమైందా? ఎవరికైనా ఇది నచ్చలేదా?’ మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఎవరినడుగుతోంది ఈవిడ అని. ఒకరోజు అలా అడగ్గానే మెడ బిగుసుకుపోయింది. ఎందుకో తెలీకుండా కోపం ముంచుకొచ్చింది. నచ్చనివాళ్లు ఉన్నారన్నమాట! ఆ రోజు పాఠం నిద్ర గురించి. పడుకునే ముందు దీపం ఆర్పేయమని రాసి ఉంది. చీకట్లో పడుకోవడం నాలో ఒక భాగానికి ప్రాణసంకటం. నెలల తరబడి నేను ‘నిద్ర రావట్లేదు’ అనుకున్నది నిజానికి ఎవరో మేలుకుని కాపలా కాయడం. చిన్న దీపం వెలిగించుకుని పడుకోవడం మొదలుపెట్టాను. అంతే, ఇంకేం చేయలేదు. నిద్ర పూర్తిగా బాగుపడిందని అనను గానీ, రాత్రిళ్లు ఫోన్ మెసేజ్‌లు మాత్రం ఆగాయి.

ఇంటర్నెట్‌లో ఆ పేజీ చదివితే ‘దీపం ఆర్పండి’ అని ఉంటుంది, అంతే. నా మెడ బిగుసుకోవడం చూసే మనిషి అక్కడుండదు.

కౌన్సెలర్_కాగితం:
పాతకాపు గారు చెప్పినదానికి నేను కలపాల్సింది ఒక్కటే. బాగా ఉన్నప్పుడు అభ్యాసం చేయాలి. మునిగిపోయాక కాదు. మెదడు పూర్తిగా మొద్దుబారాక ఎంత మంచి టెక్నిక్ అయినా గుర్తుకే రాదు. హద్దు దాటకముందు కొన్ని గుర్తులు వస్తాయి. కొందరికి చూపు మసకబారుతుంది, కొందరికి శబ్దాలు దూరమవుతాయి, కొందరికి చేతులు తమవి కానట్టు అనిపిస్తుంది. ఆ గుర్తుల్ని ముందే పట్టుకోవడం నేర్పేదే ఈ దశ. మేం రోగిని ‘ఇప్పుడు ఎంత శాతం ఇక్కడున్నారు?’ అని అడుగుతుంటాం. వినడానికి పిచ్చి ప్రశ్నలా ఉంటుంది. కొన్నాళ్లకు వాళ్లే ‘అరవై, తగ్గుతోంది, కిటికీ తెరుద్దాం’ అంటారు.

కొత్తపేజీ:
గ్రౌండింగ్ అనగానే ఆ 5-4-3-2-1 ఒకటి అంటగడతారు. కనబడే ఐదు వస్తువులు చెప్పు, తాకగలిగే నాలుగు చెప్పు, వినబడే మూడు... చెప్తాను, చెప్తూనే పోతాను. గది కనబడుతూనే ఉంటుంది, భయం అలాగే ఉంటుంది. కుర్చీ, ఫ్యాను, గోడ అని లెక్కపెడితే ఏం తేలుతుంది? ఇక గట్టిగా ఊపిరి పీల్చి కళ్లు మూసుకోమంటే ఇంకా లోపలికి జారిపోతాను.

పాతకాపు:
కళ్లు మూసుకోకండి. డిసోసియేషన్ ఉన్న చాలామందికి కళ్లు మూసి చేసే ధ్యానం, శ్వాస అభ్యాసాలు రివర్స్ కొడతాయి. మా గ్రూపులో చివర్లో చేసే రిలాక్సేషన్ కూడా కళ్లు తెరిచే. ఇష్టం లేనివాళ్లు చేయకుండా ఊరికే కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

5-4-3-2-1 చెడ్డదేం కాదు గానీ, వస్తువుల పేర్లు చెప్పడంతో ఆగిపోతే సగం పనే అయినట్టు. భయపడుతున్న భాగానికి కావాల్సింది కుర్చీ ఉందన్న సమాచారం కాదు. ఇది ఆ చోటు కాదు, ఇది ఆ రోజు కాదు అన్న రుజువు కావాలి. నోట్‌బుక్‌లో రెండు గడులు గీసి ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అని రాసుకోమంటారు. నా పేజీలో ఇలా ఉంది:

అప్పుడు నా వయసు రెండంకెలు కూడా లేదు. ఇప్పుడు నా చేతుల మీద నరాలు తేలాయి, ఇవి పెద్ద మనిషి చేతులు.
అప్పుడు తలుపు గడియ బయట ఉండేది. ఇప్పుడు తాళంచెవి నా జేబులో ఉంది, గడియ లోపల ఉంది, వేసేది నేను.
అప్పుడు ఎవరికీ చెప్పుకునే వీల్లేదు. ఇప్పుడు ఫోన్‌లో ముగ్గురి నంబర్లు ఉన్నాయి.

భయం మొదలైనప్పుడు నేను చేసేది ఇదే. జేబులో తాళంచెవి పట్టుకుంటాను, దాని పళ్లు వేలికి గుచ్చుకునేంతగా. ఇవాళ్టి తేదీ, సంవత్సరం పైకి చెప్తాను. లేచి వెళ్లి గడియ ముట్టుకుని వస్తాను. ఫ్యానూ గోడా లెక్కపెట్టడం కంటే నాకిది నయం. మీకు ఏ వస్తువు పనిచేస్తుందో మీ ‘అప్పుడు’ని బట్టి ఉంటుంది.

కొత్తపేజీ:
గడియ సంగతి... నాకు తగిలింది. రాసుకుంటాను. థాంక్స్ అన్నా.

మోడరేటర్:
చిన్న మనవి. చర్చ బాగా నడుస్తోంది. అప్పట్లో ఏం జరిగిందన్న వివరాలు, తమను తాము గాయపరచుకునే పద్ధతుల వివరాలు ఇక్కడ రాయొద్దు. ఇంకొకరికి ట్రిగ్గర్ కావచ్చు. ఇప్పటివరకు ఎవరూ రాయలేదు, ముందు జాగ్రత్తగా చెబుతున్నా. చనిపోవాలనే ఆలోచన గట్టిగా వస్తుంటే ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకండి. మీ థెరపిస్ట్‌కి గానీ, మీరున్నచోట ఉన్న అత్యవసర సేవలకు గానీ వెంటనే ఫోన్ చేయండి, దగ్గరున్న మనిషిని పిలవండి. డీఐడీ ఉన్నవాళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాలు చాలా ఎక్కువ, ఆసుపత్రిలో చేరకుండా చికిత్స తీసుకుంటున్నవాళ్లలో 70 శాతానికి పైగా ఎప్పుడో ఒకసారి ప్రయత్నించినవాళ్లే అని డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకంలోనే ఉంది. అందుకే ఈ మాట ప్రతి థ్రెడ్‌లోనూ అరిగిపోయిన రికార్డులా చెబుతుంటాం.

సందేహం:
ఇంకో అనుమానం, తిట్టుకోకండి. ‘లోపల వింటున్నవాళ్లందరికీ’ అని థెరపిస్టే అడుగుతుంటే, లేని భాగాలు కూడా పుట్టుకురావా? డీఐడీని థెరపిస్టులు, మీడియా కలిసి తయారుచేస్తారని చెప్పే సోషియోకాగ్నిటివ్ వాదం ఒకటుంది. సోషల్ మీడియాలో చూస్తే రోజుకో కొత్త ‘భాగం’ పరిచయం చేసే వీడియోలు. సైకోఎడ్యుకేషన్ (జబ్బు గురించి నేర్పే ఈ పాఠాలు) అంటూ లక్షణాల జాబితా చేతికిస్తే, జనం ఆ జాబితా ప్రకారమే తయారవరా?

కౌన్సెలర్_కాగితం:
తిట్టుకోవడం ఎందుకండీ, మా ట్రైనింగ్‌లో మొదట ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఆ వాదానికీ, ట్రామా వల్లే డీఐడీ వస్తుందనే వాదానికీ మధ్య పోరు ఏళ్లుగా నడుస్తోంది. 2012లో డాలెన్‌బర్గ్ బృందం రెండిటినీ పక్కపక్కన పెట్టి సమీక్షించి, ఆధారాలు ట్రామా వైపే ఎక్కువ మొగ్గుతున్నాయని తేల్చింది. అవతలివాళ్లు ఒప్పుకోలేదు. నా మాట అడిగితే, సూచన వల్ల లక్షణాలు పెరిగే ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే పని చేసే తీరు ముఖ్యం.

మంచి సైకోఎడ్యుకేషన్‌లో భాగాలకు పేర్లు పెట్టమనరు, బొమ్మలు గీయించి ముచ్చట పడరు, కొత్తవాళ్లను వెతకమనరు. పోగొట్టుకున్న జ్ఞాపకాలను హిప్నాసిస్‌తో తవ్వితీయరు. ఉన్నవాళ్ల మధ్య గొడవ తగ్గించడం మీదే దృష్టి. అందరూ ఒకే మనిషిలోని భాగాలని, ఎవరు చేసిన పనికైనా ఆ మనిషి మొత్తానిదీ బాధ్యతని మొదటిరోజు నుంచీ చెబుతారు. చూడండి, ఇది ఆ వీడియోలకు పూర్తిగా తిరగేసిన దారి.

నిర్ధారణ దగ్గర కూడా అంతే. ఆన్‌లైన్‌లో తిరిగే ఆ 28 ప్రశ్నల డీఈఎస్ 1986లో వచ్చిన స్క్రీనింగ్ ప్రశ్నావళి. అందులో స్కోరు ఎక్కువొస్తే జబ్బు ఉన్నట్టు కాదు, ఇంకా లోతుగా చూడాలని అర్థం. అలా చూడటానికి ఎస్‌సీఐడీ-డీ లాంటి ఇంటర్వ్యూలు ఉన్నాయి, గంటలు పడతాయి. పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా తాను తనకు దూరమైనట్టో, లోకం నిజం కానట్టో అనిపిస్తుంది. వాళ్లందరికీ డిజార్డర్ లేదు.

సందేహం:
‘బాధ్యత మొత్తం మనిషిదీ’ అన్న మాట నచ్చింది. సరే, ఈ పాయింట్ మీద తగ్గుతాను. వాయిదా గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు.

తోడు:
నాకు జబ్బు లేదు, నా భార్యకు ఉంది. ఆమె అనుమతితోనే రాస్తున్నా. సైకోఎడ్యుకేషన్ అంటే రోగికి మాత్రమే అనుకోకండి. మా ఇంట్లో దానివల్ల ఎక్కువ మారింది నేనే.

ఇంతకుముందు ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ బిగుసుకుపోతే నేను భుజం పట్టి ఊపేవాణ్ని, ‘ఏమైంది, ఇటు చూడు’ అని గట్టిగా అరిచేవాణ్ని. మంచికే అనుకునేవాణ్ని. ఒక సెషన్‌కి నన్నూ పిలిచి, ఆ సమయంలో హఠాత్తుగా తాకడం, గొంతు పెంచడం లోపల ఎలా అందుతుందో చెప్పారు. ఇప్పుడు కాస్త దూరంగా కూర్చుంటాను. నా పేరు, ఇవాళ్టి తేదీ, ఏ ఊళ్లో ఉన్నామో మెల్లగా చెప్తాను. ‘నేను తాకట్లేదు, ఇక్కడే ఉన్నా’ అంటాను. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి గంట.

ఇంకోటి కూడా అడిగాను, సిగ్గుపడకుండా. కొన్నిసార్లు ఆమె నన్ను చిన్నపిల్లలా పిలుస్తుంది, అప్పుడు నేను తండ్రిలా చూసుకోవాలా అని. వద్దన్నారు. దయగా ఉండండి, కానీ ఆ చిన్న భాగాన్ని పెంచే పని మీది కాదు, ఆమెలోని పెద్ద మనిషి నేర్చుకోవాల్సిన పని అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఊపిరి ఆడింది.

చినుకు:
తోడు గారూ, ఇది మా ఆయనకు చూపించొచ్చా?

తోడు:
చూపించండమ్మా, ముందు మీ థెరపిస్ట్‌తో ఒకమాట అనుకోండి.

కొత్తపేజీ:
మందుల గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఇవన్నీ చేయకుండా ఒక మాత్రతో పోదా అని నా బాధ.

కౌన్సెలర్_కాగితం:
డిసోసియేషన్‌కే అని ప్రత్యేకంగా పనిచేసే మందు ఇప్పటిదాకా లేదు. కూడా ఉండే డిప్రెషన్, నిద్రలేమి, పీటీఎస్‌డీ లాంటివాటికి మందులు వాడతారు, అవి తగ్గితే థెరపీలో కూర్చునే ఓపిక వస్తుంది. టెన్షన్ తగ్గడానికిచ్చే బెంజోడయాజిపైన్లు కొందరిలో డిసోసియేషన్‌ని పెంచుతాయి, అలవాటయ్యే ప్రమాదమూ ఉంది. ఇది చదివి ఎవరూ మాత్రలు హఠాత్తుగా ఆపేయకండి. అలా ఆపితే ఫిట్స్ దాకా పోవచ్చు. సైకియాట్రిస్ట్‌ని అడగండి, అంతకంటే నేను చెప్పకూడదు.

గాజుగోడ:
కొన్నాళ్ల తర్వాత వస్తున్నా, థ్రెడ్ ఇంకా తెరిచే ఉన్నందుకు సంతోషం.

థెరపిస్ట్‌ని మార్చలేదు. సందేహం గారి మాట, పాతకాపు గారి మాట రెండూ పట్టుకెళ్లి ఆమెనే అడిగేశాను. ఈ దశ అయిపోయిందని ఎలా తెలుస్తుంది, అప్పటిదాకా ఎప్పుడెప్పుడు సమీక్షించుకుంటాం, నేను గతం గురించి మాట్లాడాలని గట్టిగా అనుకుంటే ఏం చేస్తాం అని. ఆమెకు కోపం రాలేదు. ఒక కాగితం తీసి ఇద్దరం కలిసి రాశాం. సమయం తప్పిపోవడం తగ్గాలి, తప్పినా ఎక్కడున్నానో త్వరగా తెలుసుకోగలగాలి, సెషన్ చివర్లో కలత చెందితే ఇంటికి వెళ్లేలోపు సర్దుకోగలగాలి. జ్ఞాపకం తనంతట తాను పైకి వస్తే దాన్ని తోసేయం, వివరాల్లోకి దిగకుండా ‘హెడ్‌లైన్’ మాత్రం చెప్పి పక్కన పెడతాం. పక్కన పెట్టడానికి ఊహలో ఒక బీరువా, దాని తాళం నా దగ్గరే. ‘తాళం మీరే పెట్టుకుంటారేమో అనుకున్నా’ అంటే, ‘నేనెందుకు, అది మీ సొత్తు’ అంది.

సాయంత్రాల సంగతి అడుగుతారేమో. ఇంకా పోతున్నాయి. ఒక తేడా మాత్రం చెప్తా. సంధ్యవేళ వంటింట్లో ఆ ట్యూబ్‌లైట్ టకటకా కొట్టుకుంటూ వెలుగుతుంది చూశారా, సరిగ్గా అక్కడే నేను జారిపోతున్నానని హోంవర్క్ రాస్తుంటే బయటపడింది. ఎప్పటి లైటో, ఎందుకో నాకింకా తెలీదు. తెలుసుకోవాలని ఇప్పుడు తొందర కూడా లేదు. లైటు మార్పించాను.

పాతకాపు:
లైటు మార్చడం చికిత్సేనండీ, ఎవరేమనుకున్నా.

సందేహం:
‘ఈ దశ ఎప్పుడు అయిపోతుంది’ అని రాసుకున్నారు చూడండి, నేను కోరింది అదే. ఇది లేని థెరపీల గురించే నా గొడవ.

చినుకు:
నాకు గ్రూపులో చేరే అవకాశం వచ్చేలా ఉంది. భయంగా ఉంది. పాతకాపు అన్నా, అక్కడ నా కథ అందరి ముందు చెప్పాలా?

పాతకాపు:
అస్సలు అక్కర్లేదు తల్లీ. అక్కడ మొదటి రూలే అది, ట్రామా వివరాలు ఎవరూ చెప్పకూడదు. మా గ్రూపులో పక్క కుర్చీలో కూర్చున్నావిడకు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు, కోపం వచ్చినప్పుడు ఆమె ఏం చేస్తుందో మాత్రం బాగా తెలుసు. ప్రతిసారీ ఒకటే వరస: పోయినసారి హోంవర్క్ ఎలా అయింది, ఇవాళ్టి అంశం, కొత్త హోంవర్క్, చివర్లో స్థిమితపడే అభ్యాసం. ఆ వరస ముందే తెలిసి ఉండటం వల్లే సగం భయం పోతుంది. హోంవర్క్ చేయలేకపోతే ‘చేయలేదు’ అని వెళ్లి కూర్చోవచ్చు, ఎందుకు చేయలేకపోయామన్నదే ఆ రోజు పనికొస్తుంది.

చేర్చుకునేముందు కొన్ని అడుగుతారు. విడిగా థెరపిస్ట్ ఉన్నారా, క్రమం తప్పకుండా రాగలవా, బయట సభ్యుల సంగతులు మాట్లాడకుండా ఉండగలవా అని. ఇప్పుడే పెద్ద సంక్షోభంలో ఉంటే కాస్త ఆగి చేరమంటారు, అది వద్దనడం కాదు. తలుపు పక్క కుర్చీ కావాలంటే మొదటిరోజే అడుగు, ఇస్తారు. సెషన్ అవ్వగానే బండి తీయకు. తోడు ఎవరైనా వస్తే రానీ, లేదంటే బయట కాసేపు కూర్చుని, తేదీ ఒకసారి చూసుకుని బయల్దేరు.